ఎర్రర్ కింద కొట్టివేత

తార్తూలో మూడో అంతస్తు.
కిటికీకి అవతల మంచు, ఇవతల చుక్కలు.
ఒక్కో చుక్క ఒక్కో ఫోను.
పేర్లు మాకివ్వరు. మూణ్ణెల్లకోసారి అంకెలు కూడా మార్చేస్తారు,
అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తే తాళం మార్చినట్టు.
ఎవరు ఏ టవరు కింద నిద్రపోయారో
ఏ టవరు కింద మేలుకున్నారో,
అంతవరకే నా జీతం.

శుభ్రం చేయడం నా వంతు.
గంటకి మూడువందల కిలోమీటర్లు దాటితే మనిషి కాదు, కొట్టెయ్.
నెల్లాళ్ళు కదలకపోతే మనిషి కాదు,
లిఫ్టులో అలారమో కరెంటు మీటరో. కొట్టెయ్.

ఈ ఫిబ్రవరిలో సముద్రం గడ్డకట్టింది, ఏడేళ్ళ తరవాత.
పెద్ద ఒడ్డు నుంచి హీయుమా దీవికి
మంచు మీదే దారి వేశారు, అటూ ఇటూ జునిపర్ కొమ్మలు పాతి.
మా మ్యాపుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
చుక్కలు నీళ్ళ మీద నడుస్తుంటే
ఎర్రెర్రగా అరిచింది.
రైవో కాఫీ ఒలికేలా నవ్వాడు:
"పాపం, దానికింకా ఆగస్టే."

ఆ దారికి రూల్సు వేరు.
బెల్టు పెట్టుకోకూడదు. మంచు విరిగితే దూకాలి.
ఆగకూడదు. నిలబడ్డ బరువంటే మంచుకి గిట్టదు.
అయినా ఒక చుక్క ఆగింది,
పదకొండో తారీకు సాయంత్రం, సరిగ్గా నడిమధ్య.
ఆగిందని నాకు తెలుసు, లెక్కకి తెలీదు.
అటు రొహుక్యుల టవరు, ఇటు హెల్టర్మా టవరు
చెరో చెయ్యీ పట్టి లాగాయి.
నలభై ఒక్క నిమిషాలు
కాలుగాలిన పిల్లిలా ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ.
గంటకి తొమ్మిదివందల కిలోమీటర్లట,
కదలకుండా నిలబడ్డ మనిషి!

మా అమ్మమ్మ లేయిదా ఆ దీవిలోనే ఉంటుంది.
ఆమెకి పదకొండేళ్ళప్పుడు, నలభైతొమ్మిది మార్చిలో,
రాత్రిపూట జాబితాతో వచ్చారు.
అక్క పేరు అందులో తప్పుగా ఉంది.
తప్పు దిద్దుకుని మరీ తీసుకెళ్ళారు.
ఈమె పక్కింటి ఆవు ఈనుతుంటే చూడ్డానికి పోయింది.
"ఆ రాత్రి ఇంట్లో లేను కాబట్టి
జన్మంతా ఇంట్లో ఉన్నాను" అంటుంది
బంగాళాదుంప తొక్క తీస్తూ.

నేను కొనిచ్చిన ఫోను
ఊలు బుట్టలో, సగం అల్లిన మేజోడు కింద.
పుట్టగొడుగులకి పోతుంది, ఆవిరిగదికి పోతుంది, శ్మశానానికి పోతుంది.
ఫోను పోదు.
"వాళ్ళకి నేనెక్కడున్నానో కావాలి. అదుగో, ఉన్నాను."
వాళ్ళంటే ఎవరని అడగబోయి ఊరుకున్నాను.
వాళ్ళల్లో నేనున్నాను.

హెల్టర్మా టవరు కింద ఒక అంకె.
నెలంతా కదల్లేదు.
ఆదివారం ఐదింటికి మాత్రం తొమ్మిది నిమిషాలు మేలుకుంటుంది.
ఆదివారం ఐదింటికి నేను ఫోను చేస్తాను.
వెతక్కూడదు. వెతకలేదు. కనపడింది.
తేలు కుట్టిన దొంగలా కూర్చుని రూలు నడిపాను.
అమ్మమ్మ మనిషి కాదని తేలింది. మీటరు.
జాబితా ఆమెని దాటిపోవడం ఇది రెండోసారి.

నాలుగు వారాలు దాచి, అప్పుడు చెప్పింది:
పదకొండో తారీకున
ఎండెల్ ట్రక్కులో పళ్ళ డాక్టరు దగ్గరికి పోయిందట.
తిరిగొస్తూ నడిమధ్య ఆపించిందట.
"ఆగకూడదు కదా!"
"కింద నీళ్ళు మూలుగుతున్నాయి.
చిన్నప్పుడు అక్కా నేనూ చెవి ఆనించి వినేవాళ్ళం.
ఎండెల్ తిట్టాడు. తరవాత వాడూ బోర్లా పడుకుని విన్నాడు."
"మరి ఫోను?"
"వాడి జేబులో. నాకెందుకూ?"

పన్ను సంగతి అడిగాను.
పీకేశారట, చిన్నదేనట.

సోమవారం తెర మీద ఆ నలభై ఒక్క నిమిషాలు
ఇంకా అటూ ఇటూ గెంతుతున్నాయి.
ఎండెల్ చుక్క పక్కన
చుక్క లేని మనిషి,
చెంప మంచుకి ఆనించి.
"ఇంకా అవలేదా?" అన్నాడు రైవో.
"ఎర్రరే" అన్నాను. కొట్టేశాను.

ఆ సాయంత్రం కారులో బెల్టు పెట్టుకోలేదు.
ఇల్లు చేరేదాకా
కారు ఫిర్యాదు చేస్తూనే ఉంది.